ఇంట్లో రైట్ చేసిన 4కె పెండ్లి డిస్క్ ప్లేయర్‌లో ఆడకపోతే లోపాన్ని వెతికే పద్ధతి

"అన్నా, డిస్క్ తిరుగుతున్నది, టైము నడుస్తున్నది గాని టీవీల బొమ్మ వస్తలేదు" అని మిర్యాలగూడ నుంచి ఒక పెండ్లికొడుకు తమ్ముడు ఫోన్ చేసిన రోజున నేను చేయకూడని పనే చేశాను. లోపం ఎక్కడున్నదో వెతకకుండా అదే ఫైలును ఇంకొక డిస్క్ మీద, తరువాత వేరే కంపెనీ డిస్క్ మీద, చివరికి వేగం తగ్గించి మూడో డిస్క్ మీద రైట్ చేసి బస్సులో పంపించాను. మూడూ ఆడలేదు. తప్పు డిస్క్‌లలో లేనప్పుడు ఎన్ని డిస్క్‌లు మార్చినా ఫలితం మారదు. నల్లగొండలోనైనా, దేవరకొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా పెండ్లి వీడియోను అల్ట్రా హెచ్‌డీలో, అంటే 4కెలో, ఎడిట్ చేసి బ్లూ-రే డిస్క్ మీద ఇచ్చేవారు, ఆ డిస్క్‌ను ఇంట్లో చూడాలనుకునేవారు కొత్త డిస్క్ కవరు చించే ముందు లోపం ఏ మెట్టులో ఉన్నదో తేల్చుకోవాలని కోరుతూ ఈ వివరాలు రాస్తున్నాను.

ఆడని డిస్క్‌లో లోపం నాలుగు చోట్లలో ఒకచోట ఉంటుంది: డిస్క్ అనే వస్తువులో, దాని మీద ఫోల్డర్లను అమర్చిన తీరులో, వీడియో లేదా ఆడియోను కుదించిన విధానంలో, లేదా ప్లేయర్ నుంచి టీవీకి వెళ్లే దారిలో. ప్లేయర్ చూపే లక్షణమే మనల్ని సరైన చోటికి తీసుకుపోతుంది. డిస్క్ లేదని లేదా చదవలేనని తెర మీద వస్తే మొదటి రెండు చోట్లు చూడాలి. డిస్క్ పేరు కనబడి, ఆట మొదలై, బొమ్మ గానీ శబ్దం గానీ రాకపోతే మూడో చోటు చూడాలి. బొమ్మ వచ్చి వచ్చి పోతుంటే, లేదా ప్లేయర్ మెనూ కూడా మిణుకుమంటుంటే, నాలుగో చోటు చూడాలి.

కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఆడింది కనుక డిస్క్ బాగున్నట్టే అని అనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. వీఎల్‌సీ దాదాపు ఏ ఫైలునైనా ఆడిస్తుంది. ఇంటి ప్లేయర్ మాత్రం తనలోని చిప్‌కు తెలిసిన రకాలనే ఆడిస్తుంది. కంప్యూటర్‌లో ఆడితే డిస్క్ మీది సమాచారం చదవడానికి వీలుగా ఉన్నదని మాత్రమే తెలుస్తుంది.

డిస్క్‌ను, దాని మీది అమరికను చూడడం

ముందుగా ఆ డిస్క్‌ను వేరొక ప్లేయర్‌లోనూ, ఆ ప్లేయర్‌లో దుకాణంలో కొన్న బ్లూ-రే సినిమా డిస్క్‌నూ వేసి చూడాలి. కొన్న డిస్క్ కూడా ఆడకపోతే లోపం ప్లేయర్ లెన్స్‌లో ఉండవచ్చు. మామూలు బ్లూ-రే ప్లేయర్‌లో 4కె డిస్క్ ఆడదు. 2016లో మార్కెట్‌లోకి వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే ప్లేయర్ తప్పనిసరిగా కావాలి. ఈ సంగతి పెండ్లివారికి ముందే చెప్పకపోవడం వల్ల జరిగే గొడవలు చాలా ఉన్నాయి.

రైట్ చేసే బ్లూ-రే డిస్క్‌లలో ఒక పొరది 25 జీబీ, రెండు పొరలది 50 జీబీ, మూడు పొరలది 100 జీబీ సమాచారాన్ని పడుతుంది. విండోస్ వేరే లెక్కలో చూపించడం వల్ల 25 జీబీ డిస్క్ 23.3గా కనబడుతుంది, అది లోపం కాదు. పెండ్లి పెద్దదని, ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా అంతా ఒకే డిస్క్‌లో రావాలని 100 జీబీ డిస్క్‌ను ఎంచుకోవడం నా దృష్టిలో మంచిది కాదు. సినిమా కంపెనీలు అచ్చువేసే 100 జీబీ డిస్క్‌ను చదివే ప్లేయర్ కూడా మనం రైట్ చేసిన 100 జీబీ డిస్క్‌ను గుర్తించకపోవచ్చు. రెండు 50 జీబీ డిస్క్‌లు ఇవ్వడమే క్షేమం.

బ్లూ-రేలో సమాచారం ఉండే పొర ఉపరితలానికి కేవలం 0.1 మిల్లీమీటరు లోతులో ఉంటుంది. డీవీడీలో అది 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. అందువల్ల వేలిముద్ర, నూనె మరక, పసుపు మరక బ్లూ-రేను తొందరగా ఇబ్బంది పెడతాయి. తుడవవలసి వస్తే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పుతూ తుడవకూడదు. మన జిల్లాలో బోరు నీళ్లతో తడిపి తుడిస్తే ఆరిన తరువాత తెల్లటి ఉప్పు చుక్కలు మిగులుతాయి కనుక, తడి తప్పనిసరి అయితే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. డిస్క్ మీద వధూవరుల ఫొటో స్టిక్కర్ అతికించడం చూడడానికి బాగుంటుంది గానీ, అది బరువును ఒక పక్కకు లాగి డిస్క్ వేగంగా తిరిగేటప్పుడు అదిరేలా చేస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌తో నేరుగా ముద్రించుకునే తెల్లముఖం డిస్క్‌లే కొనాలి.

రైట్ చేసే వేగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 4 రెట్ల వేగంతో 25 జీబీ డిస్క్ సుమారు 23 నిమిషాలలో పూర్తవుతుంది, అంతకు మించి తొందరపడవలసిన పని లేదు. ఇమ్‌జ్‌బర్న్ వంటి డిస్క్ రైట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, రాసింది సరిగా ఉన్నదో లేదో సరిచూసే వెరిఫై అనే గడిని తప్పక ఎంచుకోవాలి, ఎండాకాలంలో కరెంటు పోయే వేళల్లో యూపీఎస్ లేకుండా రైట్ చేయకూడదు.

డిస్క్ శుభ్రంగా ఉండి, వెరిఫై కూడా సరిగా జరిగి, అయినా ప్లేయర్ దాన్ని గుర్తించకపోతే ఫోల్డర్ల అమరికను చూడాలి. విండోస్‌లో ఖాళీ డిస్క్ పెట్టినప్పుడు దాన్ని పెన్‌డ్రైవ్ లాగా వాడాలా, సీడీ-డీవీడీ ప్లేయర్ కోసం వాడాలా అని అడుగుతుంది. మొదటిది ఎంచుకుంటే ఇంటి ప్లేయర్లలో చాలావరకు ఆ డిస్క్‌ను చదవవు. సినిమా డిస్క్ లాగా ఆడాలంటే డిస్క్ మీద ఫైళ్లు యూడీఎఫ్ 2.50 అనే పద్ధతిలో ఉండాలి, బ్లూ-రే వీడియో అంతా ఉండే బీడీఎంవీ అనే ఫోల్డర్ మరే ఫోల్డర్ లోపలా కాకుండా పైనే ఉండాలి. అందులో ప్లేలిస్ట్, క్లిప్ఇన్ఫ్, స్ట్రీమ్ అనే ఉపఫోల్డర్లు, ఇండెక్స్ అనే చిన్న ఫైలు ఉంటాయి. ఆ ఇండెక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట్లోనే ఐఎన్‌డీఎక్స్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాల పక్కన ఒక అంకె కనబడుతుంది. అది 0200 అయితే మామూలు బ్లూ-రే అమరిక, 0300 అయితే అల్ట్రా హెచ్‌డీ అమరిక. 4కె వీడియో ఉన్న డిస్క్ మీద 0200 కనబడితే డిస్క్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పాతది కావచ్చు. ఇలాంటి ఫోల్డర్లను తయారుచేసే టీఎస్‌మక్సర్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో మళ్లీ అమర్చుకోవాలి.

కుదింపులో దాగే లోపాలు

నా అనుభవంలో ఆడని డిస్క్‌లలో ఎక్కువ వాటికి కారణం ఇక్కడే ఉంటుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలును తెరిచి ఐదు సంగతులు చూడాలి.

మొదటిది కోడెక్, అంటే వీడియోను కుదించిన పద్ధతి. అల్ట్రా హెచ్‌డీ డిస్క్ అమరికలో 3840 బై 2160 బొమ్మ హెచ్‌ఈవీసీలోనే, అంటే హెచ్.265లోనే ఉండాలి. మన కెమెరాలు చాలావరకు 4కెను హెచ్.264లో తీస్తాయి, ఎడిటింగ్ తరువాత అలాగే ఎక్స్‌పోర్ట్ చేసి బీడీఎంవీలో పెడితే ప్లేయర్ దాన్ని నిరాకరిస్తుంది.

రెండోది రంగుల సమాచారం. కొత్త కెమెరాలు 10 బిట్ 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉంచే రకంలో తీస్తాయి, ఎడిటింగ్‌కు అది ఎంతో మేలు. కానీ ఇంటి ప్లేయర్లు ఆడించగలిగేది రంగుల వివరం తక్కువగా ఉండే 4:2:0 మాత్రమే. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రొఫైల్ మెయిన్ 10 అని, లెవెల్ 5.1 అని ఉండేలా చూసుకుంటే ఈ చిక్కు రాదు. 4:2:2 అని కనబడిన ఫైలును డిస్క్ మీదికి పంపకూడదు.

మూడోది బిట్ రేటు, అంటే సెకను వీడియోకు పట్టే సమాచారం. కెమెరాలో సెకనుకు 100 మెగాబిట్లతో తీసిన వీడియోను అలాగే డిస్క్ మీద పెట్టాలనుకుంటే 25 జీబీలో 33 నిమిషాలు మాత్రమే పడుతుంది, పైగా ప్లేయర్ డ్రైవ్ ఆ వేగానికి అందుకోలేక తలంబ్రాల దగ్గర, బరాత్‌లో టపాసులు పేలే దగ్గర బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. కదలిక ఎక్కువగా ఉన్న ఆ ఘట్టాలలోనే బిట్ రేటు పైకి ఎగబాకుతుంది కనుక, సగటును మాత్రమే కాక గరిష్ఠాన్ని కూడా బిగించాలి. సగటు 40, గరిష్ఠం 60 మెగాబిట్లుగా పెట్టుకుంటే 50 జీబీ డిస్క్ మీద రెండున్నర గంటలకు పైగా వీడియో వస్తుంది, ఆ నాణ్యతలో పట్టుచీర జరీ కూడా స్పష్టంగా కనబడుతుంది.

నాలుగోది ఆడియో. బొమ్మ వచ్చి మంత్రాలు, మంగళవాద్యాలు వినబడకపోతే ఆడియో ఏఏసీ అనే కుదింపు రకంలో ఉన్నదేమో చూడాలి. ఫోన్లకు, యూట్యూబ్‌కు ఏఏసీ మామూలే గానీ, బ్లూ-రే ప్రమాణంలో దానికి చోటు లేదు. 48 కిలోహెర్ట్‌జ్ డాల్బీ డిజిటల్‌కు లేదా కుదించని ఎల్‌పీసీఎంకు మార్చితే శబ్దం వస్తుంది.

ఐదోది సెకనుకు ఫ్రేముల సంఖ్య. మిర్యాలగూడ డిస్క్ కథ ఇక్కడే తేలింది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక లైట్లు మిణుకుమనకుండా ఉండేందుకు పెండ్లి కెమెరాలను 25 లేదా 50 ఫ్రేములకు పెడతాం. అల్ట్రా హెచ్‌డీ ప్రమాణం ఆ రెండింటినీ ఒప్పుకుంటుంది. కానీ ఆ ఇంట్లోని ప్లేయర్‌ను పెద్దకొడుకు అమెరికా నుంచి తెచ్చాడు. అక్కడ అమ్మే ప్లేయర్లలో కొన్ని 50 హెర్ట్‌జ్ బొమ్మను బయటికి పంపవు. టైము నడిచి బొమ్మ రాకపోవడానికి కారణం అదే. దీన్ని తేల్చడానికి నేను మళ్లీ చెరిపి రాయగల బీడీ-ఆర్‌ఈ డిస్క్ మీద ఒకే ఘట్టాన్ని రెండు నిమిషాల చొప్పున ఒకసారి 50 ఫ్రేములతో, ఒకసారి 24 ఫ్రేములతో రైట్ చేసి తీసుకుపోయాను. 24 ఫ్రేములది వెంటనే ఆడింది. తరువాత 50లో ఒకటి విడిచి ఒకటి తీసి 25 చేసి, దాన్ని 24 వేగానికి నెమ్మది చేశాను. గంట వీడియో అరవై రెండున్నర నిమిషాలైంది, పాటల శ్రుతి తగ్గకుండా ఆడియోను విడిగా సరిచేశాను. ఆ ఇంటి నాయనమ్మ తన మనుమడి పెండ్లిని మొదటిసారి పెద్ద తెర మీద చూసిన రోజు అది. ప్లేయర్ ఎక్కడ కొన్నారని ముందే అడిగి ఉంటే ఆమె అన్ని రోజులు ఎదురుచూడవలసిన అవసరం ఉండేది కాదు. అప్పటి నుంచి ఆర్డరు రాసుకునేటప్పుడే ఆ ప్రశ్న అడుగుతున్నాను. విదేశీ ప్లేయర్‌కు రీజియన్ కోడ్, అంటే ఒక ప్రాంతపు డిస్క్‌ను వేరే ప్రాంతపు ప్లేయర్‌లో ఆడనివ్వని గుర్తు, అడ్డం వస్తుందేమోనని కొందరు భయపడతారు. ఇంట్లో తయారైన డిస్క్‌కు రీజియన్ కోడ్ ఉండదు.

బొమ్మ వచ్చి రంగులు వెలిసిపోయినట్టు కనబడితే అది వేరే సంగతి. తరువాత రంగులు సరిచేసుకునేందుకు వెలిసినట్టుగా తీసే లాగ్ పద్ధతి వీడియోకు రంగుల సవరణ చేయకుండా ఎక్స్‌పోర్ట్ చేసి ఉండవచ్చు, లేదా హెచ్‌డీఆర్‌గా, అంటే వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే రకంగా, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో హెచ్‌డీఆర్ గుర్తులు పోయి ఉండవచ్చు. ఊళ్లలో ఎక్కువ టీవీలలో హెచ్‌డీఆర్ వెలుగు అంతంత మాత్రమే కనుక పెండ్లి డిస్క్‌ను మామూలు రంగులలోనే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

ప్లేయర్ నుంచి టీవీకి

24 లేదా 25 ఫ్రేముల డిస్క్ బాగా ఆడి, 50 ఫ్రేముల డిస్క్ వేసినప్పుడు మాత్రమే తెర నల్లబడి మళ్లీ వెలుగుతుంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను అనుమానించాలి. 4కెలో 50 ఫ్రేములు, 10 బిట్ రంగు సెకనుకు 18 గిగాబిట్లు మోయగల కేబుల్ కోరతాయి. సెట్‌టాప్ బాక్స్‌తో వచ్చిన పాత కేబుల్ దానికి చాలకపోవచ్చు. కేబుల్ మార్చినా బాగుపడకపోతే టీవీ సెట్టింగ్స్‌లో ఆ పోర్టుకు పూర్తి సామర్థ్యం ఇచ్చారో లేదో చూడాలి. సామ్‌సంగ్ టీవీలలో దీన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అని, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని పిలుస్తారు. మధ్యలో సౌండ్‌బార్ గానీ పాత హోమ్ థియేటర్ గానీ ఉంటే దాన్ని తీసివేసి ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి ఒకసారి చూడాలి.

లోపం డిస్క్‌దా ఫైలుదా అని తేలనప్పుడు అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఆ ప్లేయర్‌కే ఇవ్వాలి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీకి మించిన ఫైలును తీసుకోదు కనుక ప్లేయర్ పుస్తకంలో చెప్పిన విధంగా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడాలి. పెన్‌డ్రైవ్‌లో ఆడి డిస్క్ మీద ఆడకపోతే లోపం మొదటి రెండు చోట్లలో ఉండవచ్చు, లేదా హెచ్.264, ఏఏసీ వంటి డిస్క్ అమరిక ఒప్పుకోని రకం ఫైలులో ఉండవచ్చు. రెండింటిలోనూ ఆడకపోతే లోపం ఫైలులోనో, టీవీకి వెళ్లే దారిలోనో ఉన్నది. కేబుల్ పరీక్ష ముందే చేసి ఉంటే మిగిలేది ఫైలే. ప్లేయర్ బీడీఎంవీని ఎంతకీ ఒప్పుకోకపోతే, వీడియోను ఎంకేవీ అనే రకం ఫైలుగా చేసి, మామూలు ఫైళ్ల డిస్క్‌గా రైట్ చేసి ఇవ్వవచ్చు. చాప్టర్ల మెనూ ఉండదు గానీ వీడియో ఆడుతుంది. ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, కొత్తది చేయడం కూడా ఈ దశలోనే ప్రయత్నించాలి.

సోనీ 2025 ఫిబ్రవరిలో రైట్ చేసే బ్లూ-రే డిస్క్‌ల తయారీని ఆపివేసింది. మంచి డిస్క్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ దొరికినప్పుడు కొని పెట్టుకోవడం, ఒక్కొక్క దానిని వృథా కాకుండా వాడడం ఇప్పుడు మరింత అవసరం. అందుకే పరీక్షలన్నీ బీడీ-ఆర్‌ఈ మీద చేసి, పెండ్లివారి ప్లేయర్‌లో అది ఆడినట్టు చూసిన తరువాతే అసలు డిస్క్ రైట్ చేస్తాను. డిస్క్ పెట్టెలో ఒక చీటీ పెట్టి దాని మీద కోడెక్, ఫ్రేముల సంఖ్య, ఆడియో రకం, రైట్ చేసిన తేదీ రాస్తాను. పదేళ్ల తరువాత కొత్త ప్లేయర్ కొన్న ఇంట్లో ఈ డిస్క్ ఆడకపోతే, దాన్ని సరిచేయడానికి కూర్చునే మనిషి ఆ చీటీతోనే మొదలుపెట్టవచ్చు.