హోదాల నిచ్చెన, 4వ పాఠం: సెక్రటరీ అంటే ఏ సెక్రటరీ?

పోయిన పాఠం చివర ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను. విదేశాంగ కార్యదర్శి, విదేశాంగ మంత్రి, ఈ ఇద్దరిలో ఎవరి ఫైలు ఎవరి దగ్గరికి పోతుంది? ఐదు నిమిషాల పని అనుకున్నా. జవాబులు చూశాక, నేనే తొందరపడ్డానని తెలిసింది. సగం మందికి పైగా ఇద్దరూ ఒకరేనని రాశారు. ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు ఏకంగా వాదానికే దిగాడు: "సార్, జైశంకర్ గారు రెండూ చేశారు కదా?"

చేశారు నాయనా. 2015 నుంచి 2018 దాకా విదేశాంగ కార్యదర్శి, అంటే అధికారి. రిటైరయ్యాక 2019 మే నెలాఖరులో మంత్రి అయ్యారు. మనిషి ఒక్కరే, కుర్చీలు రెండు. ఫైలు కార్యదర్శి దగ్గర నుంచి మంత్రి దగ్గరికి పోతుంది. ప్రోటోకాల్ గురించి చెబుతానన్న మాట వచ్చే పాఠానికి వాయిదా. ఇవాళ ఈ ముడి విప్పకుండా ముందుకు పోలేం.

ముందు ఢిల్లీలో విదేశాంగ శాఖ నిచ్చెన, కింది మెట్టు నుంచి: అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, డైరెక్టర్, జాయింట్ సెక్రటరీ, అడిషనల్ సెక్రటరీ, సెక్రటరీ. యూపీఎస్సీ పరీక్ష, ఐఎఫ్‌ఎస్ (భారత విదేశాంగ సర్వీసు) సంగతి మీకు తెలిసిందే, వదిలేస్తున్నా. సెక్రటరీలు ఒక్కరు కాదు. ఈస్ట్, వెస్ట్, సౌత్ అని ప్రాంతాల వారీగా ఉంటారు, ఆర్థిక సంబంధాలకు ఒకరు, సీపీవీ-ఓఐఏకు (కాన్సులర్, పాస్‌పోర్టు, వీసా, ప్రవాస భారతీయుల వ్యవహారాలు) ఒకరు. ఈ ఆఖరి కుర్చీ గురించి రాయచోటి, రాజంపేట వాళ్లకు నేను చెప్పాలా? పాస్‌పోర్టు, వీసా, కువైట్‌లో ఇరుక్కుపోయిన మనవాళ్ల గోడు అన్నీ దాని కిందికే వస్తాయి. వీళ్లందరిదీ, విదేశాంగ కార్యదర్శిదీ ఒకటే మూల వేతనం, నెలకు 2,25,000. అయినా ఇంటికి పెద్దకొడుకు ఆయనే. 1948లో ఆ కుర్చీలో మొదట కూర్చున్నది కె.పి.ఎస్. మీనన్. అప్పట్లో ఆయన పైన సెక్రటరీ జనరల్ అని ఇంకో పెద్ద అధికారి, గిరిజాశంకర్ బాజ్‌పాయ్ ఉండేవారు. 1960లలో ఆ పదవిని ఎత్తేశారు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. టీవీలో "బ్రిటన్ విదేశాంగ కార్యదర్శి ఢిల్లీ వచ్చారు" అంటారు. ఇంగ్లిషులో ఫారిన్ సెక్రటరీ అని ఉంటే తెలుగులో కార్యదర్శి అని దించేస్తారు. కానీ బ్రిటన్‌లో ఆ పేరు మంత్రిది. ఓట్లు, పార్టీ, పార్లమెంటు అన్నీ ఉన్న రాజకీయ నాయకుడాయన. మన కార్యదర్శికి అక్కడ జోడీ పర్మనెంట్ అండర్ సెక్రటరీ. అమెరికాలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ అన్నా అంతే. 1973 నుంచి 1977 దాకా కిసింజర్ చేసింది మన లెక్కలో విదేశాంగ మంత్రి పని.

అంతటితో అయిపోలేదు. అమెరికాలో రాజకీయ వ్యవహారాల అండర్ సెక్రటరీ అంటే ఆ శాఖలో మూడో పెద్ద. మన దగ్గర అండర్ సెక్రటరీ అంటే ఇప్పుడే నిచ్చెన ఎక్కుతున్న కుర్రాడు. పదం ఒకటే కదా అని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే, కలెక్టరుకు ఎదురుగా గ్రామ సచివాలయం సెక్రటరీని కూర్చోబెట్టినట్టు.

నా అడ్డదారి ఒకటుంది, పుస్తకాల్లో దొరకదు. పేరు చూడొద్దు. ప్రభుత్వం మారితే ఈ మనిషికి కుర్చీ పోతుందా, ఉద్యోగం కూడా పోతుందా అని అడగండి. మన విదేశాంగ కార్యదర్శిని కుర్చీలోంచి మార్చొచ్చు, ఆయన ఐఎఫ్‌ఎస్ ఉద్యోగం మాత్రం పోదు. అమెరికా సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు రెండూ పోతాయి.

రాయబార కార్యాలయంలో నిచ్చెన వేరు. థర్డ్ సెక్రటరీ, సెకండ్, ఫస్ట్, తర్వాత కౌన్సిలర్, మినిస్టర్, ఆపైన రాయబారి. ఫస్ట్ అన్నారు కాబట్టి అందరికంటే పైన అనుకోకండి, నడిమి మెట్టు అది. మినిస్టర్ అన్నా మంత్రి కాదు, అధికారే. కౌన్సిలర్ అంటే మన వార్డు కౌన్సిలరూ కాదు. 2021 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో అప్పటి పాకిస్తాన్ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ ప్రసంగానికి మన తరఫున బదులిచ్చింది ఫస్ట్ సెక్రటరీ స్నేహా దూబే. ఒక ప్రధానికి నడిమి మెట్టు అధికారితో జవాబు చెప్పించడంలోనే మన దేశం చెప్పదలుచుకున్న సగం మాట ఉంది. హోదా తెలియనివాళ్లకు ఆ సగం వినపడదు. నేను ఈ పాఠాలు మొదలుపెట్టింది అందుకే.

హైకమిషనర్, రాయబారి తేడా చిన్నదే. కామన్వెల్త్ దేశానికి హైకమిషనర్, మిగతా దేశాలకు రాయబారి. అంతే.

అభ్యాసం. కువైట్, సింగపూర్, దుబాయ్, ఇస్లామాబాద్, ఈ నాలుగు చోట్లా మన దేశం తరఫున పెద్ద ఎవరు, ఏ హోదా? దుబాయ్ దేశం కాదు, జాగ్రత్త. ఇస్లామాబాద్‌కు 2019 ఆగస్టులో ఏం జరిగిందో చూసుకుని రాయండి. ఇది తేలికది. అసలుది ఇప్పుడు: నెల రోజుల పేపర్లు ముందేసుకుని, విదేశాంగ శాఖ వార్త కనిపించిన ప్రతిసారీ అవతల కూర్చున్నవాళ్ల హోదా రాసి, మన నిచ్చెనలో దానికి జోడీ మెట్టు పక్కన వేయండి. ముప్పై కంటే తక్కువ వస్తే మళ్లీ వెతకండి. ప్రొద్దుటూరు అబ్బాయి మాత్రం అరవై పంపాలి.