చవితి నుంచి దీపావళి దాకా: ఇంట్లో కుక్క ఉన్నవారు ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కుక్కను పెంచుకునే వారికి పండుగల కాలమంటే వినాయక చవితి నుంచి దీపావళి వరకు సాగే దాదాపు 55 రోజులు. మొదట మండపాల మైకులు, నిమజ్జనం నాటి డీజే బండ్లు, ఆ తర్వాత పెత్తరమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల బతుకమ్మ, దసరా సాయంత్రం రావణవధ పటాకులు, మరో ఇరవై రోజులకు దీపావళి. మనకు ఇవన్నీ వేర్వేరు పండుగలు. కుక్కకు మాత్రం ఎక్కడి నుంచి వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో అంతుపట్టని ఒకే చప్పుడు. తొమ్మిదేళ్లుగా కర్రోడు అనే ఒక నల్ల నాటు కుక్కను పెంచుతున్న అనుభవంతో నాకు అర్థమైనది ఏమిటంటే, దీపావళి రాత్రి దాని కోసం మనం చేయగలిగింది చాలా తక్కువ. చేయవలసిన పనుల్లో అధిక భాగం చవితికి ముందే, అది కుదరకపోతే కనీసం బతుకమ్మకు ముందే పూర్తి చేసుకోవాలి.

మనిషి చెవికి వినిపించే ధ్వని 20,000 హెర్ట్జ్‌ల దగ్గర ఆగిపోతే, కుక్క చెవి దాదాపు 45,000 హెర్ట్జ్‌ల వరకు అందుకుంటుంది. మన దేశంలో పటాకు పేలిన చోటి నుంచి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్‌కు మించి శబ్దం రాకూడదని నిబంధన ఉంది. ఆ హద్దుకు లోబడిన పటాకు కూడా మన చెవినే గింగురుమనిపిస్తుందంటే, వీధి చివర నడిచివచ్చే మనిషి అడుగుల చప్పుడును గుర్తుపట్టే జంతువు పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. కాబట్టి భయపడే కుక్కను పిరికిదని వెక్కిరించడం, ‘అలవాటు పడుతుందిలే’ అని బాంబులు పేల్చే చోటికి తీసుకుపోవడం పనికిరాదు. అలా తీసుకుపోయిన కుక్కకు భయం ఏటేటా పెరుగుతుందే తప్ప తగ్గదు.

మొదటి పని దానికి ఒక చోటు చూపించడం. వీధి వైపు కిటికీ లేని లోపలి గది, లేదా మెట్ల కింది మూల, లేదా మంచం కింద పరచిన పాత దుప్పటి ఏదైనా సరిపోతుంది. ముఖ్యమైన విషయం ఏమిటంటే ఆ చోటును మనం ఎంచకుండా కుక్కనే ఎంచుకోనివ్వాలి. మా కర్రోడు నేను సిద్ధం చేసిన గదిని కాదని, వేసవి అయిపోయాక మూలకు నెట్టిన ఎయిర్ కూలర్ వెనుక సందులో దూరాడు. నేను వాడిని బయటికి లాగే ప్రయత్నం మానుకొని, ఆ సందులోనే గోనె పట్టా పరిచి, నీళ్ల గిన్నె పెట్టాను. నాలుగు రోజుల తర్వాత కూలర్‌లో నీళ్లు పోయకుండా ఫ్యాన్ మాత్రమే నడిపి చూస్తే, దాని హోరులో బయటి చప్పుడు చాలావరకు కలిసిపోయింది. నేను ఇంతవరకు చేసిన ఏర్పాట్లలో బాగా పనిచేసింది, పైసా ఖర్చు లేనిది అదే. మీరు కూడా కుక్క ఎంచుకున్న చోటనే పండుగకు నెల ముందు నుంచి తిండి పెట్టడం, నమలడానికి ఏదైనా ఇవ్వడం మొదలుపెట్టండి. ఆ చోటుకు వెళ్లడం శిక్ష అన్న భావన దానికి ఎన్నడూ కలగకూడదు, అక్కడ ఉన్నప్పుడు పిల్లలు వెళ్లి కెలకకూడదు, తలుపుకు గడియ పెట్టకూడదు. భయంతో ఉన్న కుక్కను గదిలో బంధిస్తే తలుపు చెక్కలను గోళ్లు విరిగేదాకా గీకుతుంది.

సమయం ఉన్నవారు రెండు మూడు నెలల ముందే శబ్దాల సాధన మొదలుపెట్టవచ్చు. ఫోన్‌లో పటాకుల శబ్దాన్ని వినీవినిపించనంత చిన్నగా పెట్టి, అది వినిపిస్తున్నంతసేపు కుక్కకు ఇష్టమైన ఉడికించిన చికెన్ ముక్కలు ఒక్కొక్కటిగా ఇవ్వాలి. శబ్దం ఆగగానే ముక్కలూ ఆగాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. కుక్క చెవులు వెనక్కి వాల్చినా, పదే పదే ఆవులించినా, పెదవులు నాక్కున్నా, ముక్కను తీసుకోకుండా మొహం తిప్పుకున్నా శబ్దం ఎక్కువైందని అర్థం. ఆ రోజుకు ఆపి, మర్నాడు మరింత తగ్గించి మొదలుపెట్టాలి. పండుగకు వారం ముందు ఈ సాధనను ప్రారంభించడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే సగం నేర్చిన దశలో అసలు బాంబు పేలితే అంతా మొదటికి వస్తుంది.

గత ఏడాది వణికి, సొంగ కార్చి, రెండు రోజులు అన్నం ముట్టని కుక్కకు ఈ ఉపాయాలు మాత్రమే సరిపోవు. అటువంటి కుక్కను పండుగకు మూడు వారాల ముందే పశువైద్యుడికి చూపించాలి. గాబాపెంటిన్, ట్రాజొడోన్ వంటి మందులు కుక్క బరువును, మూత్రపిండాల పరిస్థితిని బట్టి వైద్యుడు నిర్ణయించి ఇచ్చేవి. ఒక మామూలు రోజున ఒకసారి వేసి చూసి, ఎంతసేపటికి పనిచేస్తుందో గమనించిన తర్వాతే పండుగ నాడు వాడాలి. ఏసిప్రోమజైన్ అనే మత్తుమందు గురించి ఒక మాట చెప్పాలి. అది ఒక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడుకుంటుంది, ఇంట్లో వాళ్లకు ప్రశాంతంగా కనిపిస్తుంది, కాని లోపలి భయం తగ్గదు. అందుకే ఈ అవసరానికి దానిని ఒంటరిగా వాడవద్దని జంతు ప్రవర్తన తెలిసిన వైద్యులు చెబుతారు. మనుషుల నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకూడదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ కుక్కలకు విషంగా మారగలవు.

ఇక గేటు సంగతి. చాలామంది దీపావళి ఒక్కటే ప్రమాదమని అనుకుంటారు గాని, మన ప్రాంతంలో కుక్క తప్పిపోయే అవకాశం దసరా సాయంత్రమే ఎక్కువని నేను అంటాను. జమ్మి పూజ కాగానే ఇంటింటికీ తిరిగి ‘బంగారం’ అని జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కే ఆచారం మనది. ఆ రెండు మూడు గంటల్లో గేటు ముప్పై సార్లు తెరుచుకుంటుంది, వచ్చిన ప్రతి వారూ దానిని వెంటనే మూయరు. నాలుగేళ్ల కిందట సరిగ్గా అలాగే, మా బాబాయి కుటుంబం లోపలికి వస్తుండగా వీధిలో లడీ పేలడంతో కర్రోడు వారి కాళ్ల మధ్య నుంచి బయటికి దూకాడు. ఆ రాత్రంతా మేం బండ్ల మీద తిరిగినా దొరకలేదు. మరునాడు సాయంత్రం రెండు కిలోమీటర్ల అవతల, కడుతున్న ఒక ఇంటి నీళ్ల తొట్టి వెనుక, పాదాల చర్మం లేచిపోయి కనిపించాడు. అప్పటి నుంచి జమ్మికి వెళ్లేముందే కుక్కను లోపలి గదిలో ఉంచి, గేటుకు తాడు కట్టి, ‘కుక్క ఉంది, గేటు మూయండి’ అని అట్ట ముక్క మీద రాసి వేలాడదీస్తున్నాం. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు ఉండాలి. ప్రత్యేకంగా బిళ్ల చేయించలేకపోతే, దర్జీ దగ్గర పట్టీ మీద దారంతో అంకెలు కుట్టించుకోవచ్చు. పట్టీకి, మెడకు మధ్య రెండు వేళ్లు దూరాలి. అంతకన్నా వదులైతే బెదిరిన కుక్క తలను వెనక్కి లాగి ఊడబెరుక్కుంటుంది. అలాగని ఆరుబయట గొలుసుతో కట్టేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే గింజుకునే కుక్క గొలుసు చుట్టుకొని ఊపిరాడక చనిపోవచ్చు.

శబ్దం మీద ఉన్నంత శ్రద్ధ పూజ సామగ్రి మీద ఉండదు. చవితి నాటి ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషపు మొక్కలే. గన్నేరు ఆకు గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది. పూజ అయ్యాక వాడిన పత్రిని గంపలో వేసి పెరట్లో పెడతాం, నైవేద్యపు ఉండ్రాళ్ల వాసన అంటిన ఆ ఆకులను కుక్క కెలుకుతుంది. కాబట్టి పత్రిని పీట మీద ఉన్నన్ని రోజులూ అందనంత ఎత్తులో ఉంచి, తీసిన తర్వాత మూత ఉన్న డబ్బాలో వేయాలి. కర్పూరం బిళ్ల మింగితే కుక్కకు మూర్ఛ రావచ్చు. బతుకమ్మ రోజుల్లో గునుగు పూలను అద్దడానికి ఎరుపు, ఆకుపచ్చ రంగులు కలిపిన గిన్నెలు వాకిట్లో ఉంటాయి. అవి తాగే రంగులు కావు, కాబట్టి అద్దకం అయిపోగానే పారబోయాలి. తంగేడు, బంతి గురించి అంత భయం అక్కరలేదు.

తిండి విషయంలో మన ప్రేమే దానికి ముప్పు తెస్తుంది. దసరాకు బగారా అన్నం, మటన్ కూర లేని ఇల్లు అరుదు; మిగిలిన బొక్కలు కుక్కకు వేయడం తరతరాల అలవాటు. అయితే ఉడికిన బొక్క పచ్చి బొక్కలాగా నలగదు, సూదుల్లా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. కూరలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఆ ప్రభావం వెంటనే కాక కొన్ని రోజులకు నీరసంగా, పాలిపోయిన చిగుళ్లుగా బయటపడుతుంది. పాయసంలో, లడ్డూలో వేసే కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. ద్రాక్షలో కుక్కకు హాని చేసేది టార్టారిక్ ఆమ్లమై ఉండవచ్చని 2021 నుంచి పశువైద్యులు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది. అందుచేత సద్దుల నాటి పులిహోర మిగిలితే కుక్క గిన్నెలో వేయకండి. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే. గారెలు, గరిజెలు, అరిసెల వంటి నూనె పిండివంటలు ఎక్కువగా తింటే క్లోమానికి వాపు వచ్చి, కుక్క వీపు వంచి నిలబడి కక్కుతూనే ఉంటుంది. దానికీ పండుగ చేయాలనిపిస్తే ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన మటన్ ముక్కలు బొక్క తీసి పెట్టండి. అది గిన్నె నాకే తీరు చూస్తే మీకే తెలుస్తుంది. చేటు చేసేది ఏదైనా తిన్నట్లు తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా, ఏమి తిన్నదో, ఎంత తిన్నదో, ఎప్పుడు తిన్నదో రాసుకొని వైద్యుడికి ఫోన్ చేయాలి. మామునూరులో పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది, ప్రైవేటు వైద్యులూ ఉన్నారు. కాని పండుగ రాత్రి ఎవరు అందుబాటులో ఉంటారన్నది రెండు రోజుల ముందే అడిగి నంబరు గోడ మీద రాసుకోవాలి.

దీపావళి నాటి పనిని ఇలా అమర్చుకోవచ్చు. మధ్యాహ్నం ఎక్కువ దూరం నడిపించి అలసిపోనివ్వాలి. సాయంత్రం ఐదు లోపు మలమూత్రాలు అయ్యేలా మరోసారి బయటికి తీసుకువెళ్లి, వెలుగు ఉండగానే అన్నం పెట్టాలి. పటాకులు రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య మాత్రమే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పినా, మన వీధుల్లో మొదటి బాంబు పొద్దు గుంకకముందే పేలుతుంది. చీకటి పడే వేళకు కిటికీలు మూసి, పరదాలు వేసి, టీవీ లేదా ఫ్యాన్ పెట్టాలి. ఇంట్లో ఒకరు లోపలే ఉండేలా వంతులు వేసుకుంటే మేలు. ప్రమిదలు కుక్క తోక ఊగే ఎత్తులో ఉండకూడదు.

భయపడినప్పుడు దగ్గరకు తీసుకుంటే భయం ఇంకా పెరుగుతుందని చాలామంది హెచ్చరిస్తారు. ఇది పాత నమ్మకం. భయం ఒక భావన, బహుమానం ఇస్తే పెరిగే చేష్ట కాదు. కుక్క మీ ఒడిలోకి వస్తే నెమ్మదిగా వీపు నిమురుతూ మామూలు గొంతుతో మాట్లాడండి, దూరంగా ఉండాలనుకుంటే వదిలేయండి.

నిప్పురవ్వ పడి కాలితే ఆ చోట పది నుంచి ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయాలి. మంచు గడ్డ, టూత్‌పేస్ట్, పసుపు, నెయ్యి ఏవీ పూయకూడదు. ఎంత మచ్చిక ఉన్న కుక్కైనా నొప్పిలో కరుస్తుంది కాబట్టి, ముట్టుకునే ముందు మెత్తటి గుడ్డతో మూతి చుట్టూ వదులుగా కట్టి, ఆ తర్వాత తడి గుడ్డ కప్పి వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. అది రొప్పుతున్నా, కక్కుతున్నా మూతి కట్టవద్దు.

సెలవులకు ఊరికి వెళ్లేవారు కుక్కను వెంట తీసుకుపోతే బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపాలి, రేబిస్ టీకా ఈ ఏడాదిదా కాదా చూసుకోవాలి, ఊరి కుక్కల మధ్యకు తాడు లేకుండా వదలకూడదు. ఇంట్లో ఉంచి వెళ్లేట్లయితే తాళం వేసి పక్కింటివారికి అన్నం బాధ్యత అప్పజెప్పడం దీపావళి రాత్రికి సరిపోదు, ఆ రాత్రి ఒక మనిషి దానితో పడుకోవాలి.

వీధి కుక్కలకు మీ సెల్లార్ గేటు ఒక రాత్రి తెరిచి ఉంచి, ఒక తొట్టిలో నీళ్లు పెడితే చాలు. తోకకు లడీ కట్టే పిల్లలను మాత్రం చూసీ చూడనట్లు వదలవద్దు. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే 1960 నాటి చట్టం ప్రకారం ఇది నేరమే. మొదటి తప్పుకు ఆ చట్టం వేసే జరిమానా నేటికీ 50 రూపాయలు దాటదన్నది వేరే సంగతి. కుక్క చనిపోయినా, అంగవైకల్యం కలిగినా భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

మరునాడు పొద్దున్నే కుక్కను వదిలే ముందు వాకిలి, డాబా ఊడ్చండి. పేలని పటాకుల మందులో ఉండే బేరియం, పొటాషియం లవణాలు, గంధకం కడుపులోకి పోతే వాంతులు, వణుకు, కండరాల నీరసం వస్తాయి. కాలిన కాకరపువ్వొత్తి తీగ పాదానికి గుచ్చుకుంటుంది. మిగిలిపోయిన పటాకులు మరో మూడు నాలుగు రోజులు పేలుతూనే ఉంటాయి కాబట్టి, ఎప్పుడూ తాడు లేకుండా నడిచే కుక్కనైనా ఆ వారం తాడుతోనే తిప్పాలి. మధ్యాహ్నం దాకా అన్నం ముట్టకపోతే కంగారు పడనక్కరలేదు, సాయంత్రానికీ నీళ్లు కూడా తాగకపోతే వైద్యుడికి చూపించండి. కర్రోడు ఏటా మర్నాడు పదింటి దాకా కూలర్ వెనుక నుంచి రాడు. నీళ్ల గిన్నెను సందు దగ్గరికి జరిపి, ఫ్యాన్ అలాగే ఉంచి, మా పనుల్లో మేం పడతాం.