పాత ఫోటోలు తీస్తే మనసు చెదురుతోందా? సమస్య – కారణం – పరిష్కారం

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో పాత ఫోటోల డబ్బాను ఊరికే ఎవరూ దించరు. సంవత్సరీకానికి నాయన పటం కట్టించాలనో, భాగాలు పంచుకునే ముందు బీరువా ఖాళీ చేయాలనో, పెళ్లిలో స్క్రీన్ మీద వేయడానికి చిన్నప్పటి బొమ్మలు కావాలనో దించుతారు. అందువల్ల చూడటం కూడా పని తొందరలోనే, అందరూ పడుకున్నాక, ఒక్కరే కూర్చునే జరుగుతుంది. ఇబ్బందిలో సగం వచ్చేది ఈ చూసే పద్ధతి నుంచే.

సమస్య: చూడగానే గుండె దడ, గొంతు పట్టేయడం, ఊపిరి ఆడనట్టు ఉండటం

కారణం: ఒక ముఖం కనపడితే ఆ మనిషి గొంతు, వాడిన నూనె వాసన, చివరి రోజుల ఆస్పత్రి మంచం అన్నీ కలిసి లేస్తాయి. అది పాత సంగతని మనసుకు తెలిసినా ఒంటికి తెలియదు, ఇప్పుడే జరుగుతున్నట్టు కంగారు పడుతుంది.

అప్పటికప్పుడు చేయాల్సింది: ఫోటోను బోర్లా పెట్టండి. రెండు పాదాలూ నేలకు ఆనించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెల దాకా వదలండి. రెండు మూడు నిమిషాలు చాలు. గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. చల్లని నీళ్లతో ముఖం కడుక్కోండి. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఛాతీలో బరువు, చెమటలు, చెయ్యి లాగడం కనిపిస్తే దాన్ని ‘బాధ’ అని వదిలేయకుండా 108కు ఫోన్ చేయండి.

మరుసటి రోజు నుంచి మోతాదు ప్రకారం చూడాలి. పది ఫోటోలు మాత్రమే బయటికి తీయండి. ఒక్కోదానికి బాధను సున్నా నుంచి పది వరకు అంకె వేసి, రెండు మూడు వచ్చినవాటితో మొదలుపెట్టండి. పగటిపూట, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, ఇరవై నిమిషాలకు అలారం పెట్టి చూడండి. అంకె ఏడు దాటితే ఆ పూటకు డబ్బా మూసేయండి. ఇక్కడ జరిగే పొరపాటు, అన్నిటికంటే బరువైన ఫోటోనే ముందు ఎత్తుకోవడం. ‘ఒకేసారి ఏడ్చేస్తే పోతుంది’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దాన్ని నమ్మినవాళ్లు ఆ డబ్బాను మళ్లీ ఏళ్ల తరబడి ముట్టరు.

సమస్య: అసలు ఏడుపే రావడం లేదు, రాయిలా ఉంది

కారణం: కర్మ చేసిన కొడుకులోనూ, వచ్చినవాళ్లకు వండిపెట్టిన కోడలిలోనూ ఇది ఎక్కువ. పదకొండు రోజులూ సామాన్లు, బంధువులు, లెక్కలతోనే గడిచిపోతాయి. దుఃఖం వాయిదా పడుతుంది. ప్రేమ లేదని దీనికి అర్థం కాదు.

ఏడవాలని బలవంతపెట్టకండి. ఫోటోలోని ఒక వస్తువు గురించి మాట్లాడండి: ఆ చేతి గడియారం ఎక్కడ కొన్నాడు, ఆ చీర ఇప్పుడు ఎవరి దగ్గరుంది. చెప్పింది రాసి పెట్టుకోండి. ఫోటో మీద మాత్రం బాల్‌పెన్ వాడొద్దు, నొక్కుడు గీతలు ముందువైపు తేలతాయి. పాత నలుపు-తెలుపు ఫోటో అయితే గట్టి పలక మీద బోర్లా పెట్టి, వెనక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయొచ్చు. కలర్ ఫోటో వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పడదు. కవరు మీద ముందే రాసి, ఆ తర్వాత ఫోటో అందులో పెట్టండి.

సమస్య: గుండు ఫోటో దగ్గర పెద్దావిడ మాట ఆగిపోతోంది

తిరుపతి స్టూడియోల్లో కొండ బొమ్మ గీసిన తెర ముందు, గుండ్లకు గంధం పూసుకుని వరుసగా నిలబడిన కుటుంబం ఫోటో మన వైపు ఎన్నో ఇళ్లలో ఉంటుంది. పిల్లలకు అది నవ్వులాట. ఆ ఫోటో వెనక మాత్రం ఒక మొక్కు ఉంటుంది, ఆ మొక్కు వెనక ఒక జబ్బో, నిలవని కాన్పో, దక్కని బిడ్డో ఉండొచ్చు. నలుగురు పిల్లలు నిలబడ్డ ఫోటోలో అవ్వకు ఐదో బిడ్డ కనిపిస్తూ ఉంటుంది. ఆ బిడ్డకు ఫోటో లేదు, పేరు కూడా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఏడిస్తే మిగిలిన పిల్లలకు మంచిది కాదని అప్పట్లో నోరు మూయించి ఉంటారు.

ఏం చేయాలి: నవ్వే పిల్లల్ని కోప్పడకుండా పక్కకు పంపండి. అవ్వతో ఒక్కరే కూర్చోండి. ‘అవ్వా, ఇది ఏ మొక్కు?’ అని ఒక్క ప్రశ్న అడిగి ఆగండి. ఆ మౌనం ఎంతసేపు ఉన్నా దాన్ని నింపొద్దు. చెబితే, ‘ఎప్పటి సంగతో కదా, ఇంకా ఎందుకు’ అనకండి. ఆ బిడ్డను ఏమని పిలిచేవాళ్లో అడగండి. ‘వద్దులే నాయనా’ అంటే సరేనని ఫోటో ఎత్తిపెట్టండి, కానీ దాచేయకండి. రెండు మూడు వారాలకు ఆమే మళ్లీ తీయమనవచ్చు.

ఇలాంటిదే ఇంకొకటి. మీసాలున్న తాత చీర, పూలు పెట్టుకుని నిలబడిన ఫోటో చూసి, కొత్త అల్లుడి ముందు ఇంటిల్లిపాదీ సిగ్గుపడుతుంటారు. తిరుపతిలో అది గంగజాతర మొక్కు వేషం, గంగమ్మకు మొక్కుకుని మగవాళ్లు కట్టే ఆడవేషం. ఆ సంగతి చెప్పేస్తే చాలు, సలహా అవసరం లేదు.

సమస్య: ‘అన్నవి అన్ని ఫోటోలు, నాది ఒక్కటీ లేదు’

కారణం: దీన్ని ప్రేమ కొలతగా చదవడం. ఫిల్మ్ రోజుల్లో ఒక రీలుకు 36 ఫోటోలు, కడిగించడానికి వేరే ఖర్చు. మొదటి బిడ్డకు స్టూడియోకి పోయినవాళ్లు మూడో బిడ్డకు పోలేదు. కొన్ని ఇళ్లలో ఆడపిల్లకు మొదటి ఫోటో పెళ్లిసంబంధానికి తీయించిందే. అక్కడ తేడా నిజంగానే ఉంది, లేదని బుకాయిస్తే గొడవ పెరుగుతుంది.

అమ్మను ‘నాకెందుకు తీయలేదు’ అని అడిగితే ఆమె సంజాయిషీకి దిగుతుంది. ‘నేను పుట్టిన ఏడు ఇంట్లో ఎట్లా ఉండేది?’ అని అడగండి. వానలు పడని ఏడో, నాయన ఉద్యోగం పోయిన ఏడో బయటికి వస్తుంది. పంచుకోవడం తేలిక: 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే 4×6 అంగుళాల ఫోటో 2400×3600 పిక్సెళ్లు వస్తుంది. అందరికీ కాపీ ఇచ్చి, అసలుదానికి చీటీ వేయండి. అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకి పంచాలని చూస్తే బొమ్మ పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా ఫోటో తీయించండి.

సమస్య: ఒక ముఖం కత్తిరించి ఉంది

విడిపోయిన సంబంధమో, పొలం తగాదానో అయి ఉంటుంది. వాట్సాప్ కుటుంబం గ్రూపులో ‘ఇదెవరు?’ అని పెట్టకండి. ఇంట్లో పెద్దను విడిగా, ఒక్కసారే అడగండి. ఆ ఖాళీని ఏఐతో పూడ్చకండి. కత్తిరించినవాళ్లు ఇంకా బతికే ఉండొచ్చు.

సమస్య: మతిమరుపున్న అమ్మ ఫోటో చూసి ‘మీ నాయన ఇంకా రాలేదే’ అంటోంది

కొత్త జ్ఞాపకం నిలవదు, పాతది నిలుస్తుంది. ‘పోయినాడు కదమ్మా’ అన్న ప్రతిసారీ ఆమెకు అది మొదటి కబురే. ‘నాయనకు ఏం కూర ఇష్టం?’ అని మాట కలపండి. ఫోటోలు ఒక్కొక్కటే, పెద్ద సైజులో, మెరుపు లేని కాగితం మీద, పొద్దున పూట చూపండి. సాయంత్రానికి కొందరికి అయోమయం పెరుగుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి

మనిషి పోయి ఏడాది దాటినా దాదాపు రోజూ అదే తలపు, నిద్ర లేదు, పనికి పోలేకపోతున్నారు అంటే ఇంటి చిట్కాలు చాలవు. ‘నేనూ వాళ్ల దగ్గరికి పోతా’ అన్న మాట వస్తే ఏడాది దాకా ఆగకండి. ఆ రోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. తిరుపతిలో రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో చూపించవచ్చు. పోయేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఎన్ని నెలలుగా, రాత్రికి ఎన్ని గంటల నిద్ర, తిండి ఎంత తగ్గింది, ఏ ఫోటో దగ్గర ఎక్కువవుతోంది. ఆ ఫోటో వెంట తీసుకుపోండి, కవరులోనే.