క్రాన్ జాబ్ అనుకోని రోజుల్లో నడుస్తోందా?

భీమవరం, పాలకొల్లు వైపు రొయ్యల మేత డీలర్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసిపెట్టేవాళ్లకు ఈ చిట్కా. నెలలో మొదటి సోమవారం పొద్దున్న 6 గంటలకు రైతులకు బాకీ మెసేజ్‌లు వెళ్లాలని క్రాన్‌లో (లినక్స్ సర్వర్‌లో పనులను చెప్పిన సమయానికి నడిపే ప్రోగ్రామ్) 0 6 1-7 * 1 అని పెడుతుంటారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. కానీ 1 నుంచి 7వ తేదీ వరకు రోజూ వెళ్తాయి, ఆపైన ప్రతి సోమవారమూ వెళ్తాయి. ఇంకా రొయ్యల పట్టుబడి కాక చేతిలో డబ్బు ఆడని రైతుకు రోజూ బాకీ గుర్తుచేయడం చాలా బాధాకరం. అందుకే దీన్ని చిన్న విషయంగా వదిలేయొద్దు.

తేదీ గడి (మూడోది), వారం గడి (ఐదోది) రెండూ నింపితే, రెండూ కలిసిన రోజే నడపాలని క్రాన్ అనుకోదు. ఏ ఒక్కటి కుదిరినా నడిపేస్తుంది. కాబట్టి 0 6 1-7 * * అని రాసి వారం గడిలో * మాత్రమే ఉంచండి. ఆ రోజు సోమవారమా కాదా అన్నది స్క్రిప్ట్ మొదట్లోనే డేట్ కమాండ్‌తో చూడండి, కాకపోతే అక్కడే ఆపేయండి. ఆ కమాండ్‌కు +%u ఇస్తే సోమవారానికి 1 వస్తుంది. ఇదే పరీక్షను క్రాన్ లైన్‌లోనే పెడితే మాత్రం % ముందు \ తప్పనిసరి, లేకపోతే కమాండ్ అక్కడికే తెగిపోతుంది. స్క్రిప్ట్‌లో పెట్టడమే మేలని నా అభిప్రాయం, తర్వాత చూసేవాళ్లకు సులువుగా అర్థమవుతుంది.

రోజు సరిపోయి, 6కి బదులు 11:30కి వెళ్తుంటే సర్వర్ యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందేమో చూడండి. టైమ్‌జోన్ మార్చాక క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయడం మరవొద్దు.