భయంతో మొరిగే, మీదికి దూకే కుక్కను నెమ్మదిపరచడం ఎలా?

దారిలో మరో కుక్క కనబడితే చాలు, బెల్టు తెంపుకునేలా ఎగిరెగిరి మొరుగుతుంది. గుమ్మంలో కొత్త మనిషి అడుగుపెడితే మంచం కిందికి దూరిపోతుంది, లేదా మీదికి వస్తుంది. చూసేవాళ్లు దీన్ని పొగరంటారు, పెంపకం బాగాలేదంటారు. చాలాసార్లు అది భయం. ‘నా దగ్గరికి రాకు’ అని చెప్పడానికి కుక్కకు తెలిసిన దారి అదొక్కటే. పైగా మొరిగిన ప్రతిసారీ ఎదుటి కుక్క ఎలాగూ తన దారిన తాను వెళ్లిపోతుంది కాబట్టి, తాను మొరగడం వల్లే వెళ్లిందని దీనికి నమ్మకం కుదురుతుంది. నోరు మూయించే ప్రయత్నం వదిలేసి భయం తగ్గించే పని మొదలుపెడితే మొరుగుడు కూడా తగ్గుతూ వస్తుంది. ఆ పని ఏ వరుసలో చేయాలో చూద్దాం.

1. ముందు వెటర్నరీ డాక్టరుకు చూపించండి

చెవిలో ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, కీళ్ల నొప్పి, చూపు మందగించడం, వినికిడి తగ్గడం, వీటిలో ఏదున్నా కుక్కకు చిరాకు, బెదురు పెరుగుతాయి. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మారిపోతే ఈ అనుమానం మరీ ఎక్కువ. నొప్పి అలాగే ఉంచి ఎంత శిక్షణ ఇచ్చినా లాభం ఉండదు.

2. మొరగడానికి ముందు ఏం చేస్తుందో గమనించండి

కుక్క భయాన్ని చాలా ముందే చెబుతుంది, మనమే చూడం. ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, తల అటు తిప్పి కళ్లు మాత్రం ఇటే ఉంచడం వల్ల కంట్లో తెల్లగుడ్డు కనబడటం, చెవులు వెనక్కి అణచడం, తోక కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, ఒక్కసారిగా ఒళ్లు బిగించి కదలకుండా నిలబడిపోవడం. ఈ చివరిది కనబడిందంటే మీ చేతిలో ఉన్న సమయం చాలా తక్కువ. తోక ఊపుతోంది కదా అని ధీమా పడకండి. తోక నిటారుగా, బిరుసుగా కొట్టుకుంటుంటే అది సంతోషం కాకపోవచ్చు.

గుర్రుమనడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. గుర్రుమన్నందుకు కొట్టకండి, అరవకండి. అది కుక్క ఇచ్చే హెచ్చరిక. దెబ్బలకు జడిసి హెచ్చరించడం మానేసిన కుక్క లోపలి భయాన్ని మానుకోదు, ఏ హెచ్చరికా లేకుండా నేరుగా కరిచే స్థితికి వస్తుంది. గుర్రుమంటే దాన్నుంచి దూరం జరగండి, దేనికి గుర్రుమందో గుర్తుపెట్టుకోండి.

3. కొన్నాళ్లు దేనికీ ఎదురు పడనీయకండి

పొద్దున చెత్తబండి చప్పుడు, మధ్యాహ్నం ఇంటికొచ్చిన చుట్టాలు, సాయంత్రం గేటు దగ్గర పిల్లి. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ అన్నీ ఒకదాని మీద ఒకటి చేరతాయి. పాలు ఒక్కసారిగా పొంగినట్టు కనిపించినా కింద మంట ఎప్పట్నుంచో ఉన్నట్టే, కుక్క ‘ఊరికే’ రెచ్చిపోయిందనుకున్న రోజు వెనక ఇలాంటివి నాలుగైదు ఉంటాయి.

అందుకని మొదటి రెండు వారాలు శిక్షణ ఏమీ వద్దు. వీధి కనబడే కిటికీకి తెర వేయండి. మనుషులు, కుక్కలు తక్కువగా తిరిగే వేళ చూసి బయటికి తీసుకెళ్లండి. ముందురోజు బాగా బెదిరిపోయి ఉంటే షికారు మానేసినా నష్టం లేదు, ఇంట్లోనే తిండి గింజలు దుప్పటి మడతల్లో దాచి వెతికించండి. వాసన పట్టడం కుక్కను ఇట్టే నెమ్మదిపరుస్తుంది. ఎవరూ కదిలించని ఒక మూల దాని పడకకు కేటాయించండి. పెద్ద కుక్క కూడా రోజులో సగం దాకా నిద్రపోతుంది, ఆ నిద్ర చెడితే బెదురు పెరుగుతుంది.

4. సరంజామా

మెడకు కాకుండా ఛాతీకి వేసే హార్నెస్, 2 మీటర్ల బెల్టు, నడుముకు కట్టుకునే సంచీలో బఠాణీ గింజంత ట్రీట్లు. రోజూ తినే తిండి కాకుండా, దాని ప్రాణం లేచొచ్చేది ఏదైనా ఎంచుకోండి. కరిచే అవకాశం ఉంటే మూతికి తొడిగే బుట్టలాంటి మజిల్ అలవాటు చేయండి. దాంట్లో నోరు తెరిచి ఒగర్చవచ్చు, నీళ్లు తాగవచ్చు, ట్రీటు అందుకోవచ్చు. ఇంట్లోనే మజిల్ లోపల ట్రీటు పెట్టి, కుక్క తనంతట తాను మూతి దూర్చేలా రోజుకు కాసేపు నేర్పిస్తే అది శిక్షగా అనిపించదు.

మెడ బిగించే గొలుసులు, ముళ్ల పట్టీలు, కరెంటు షాకిచ్చే కాలర్లు వద్దు. ఎదుటి కుక్కను చూసిన క్షణంలో మెడకు నొప్పి తగిలితే, ఆ నొప్పి ఎదుటి కుక్క వల్లే వచ్చిందని అది ముడిపెట్టుకుంటుంది. ఏ ప్రవర్తన సమస్యకైనా బహుమతి ఇచ్చి నేర్పే పద్ధతులే వాడాలని అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ కూడా 2021లో స్పష్టంగా చెప్పింది.

5. అసలు పని: దూరం, తిండి

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. కుందేలంటే భయపడే పీటర్ అనే పసివాడికి మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరికి తెప్పించారు. చివరికి వాడు కుందేలును నిమిరే దాకా వచ్చాడు. ఆమె దీన్ని 1924లో ప్రచురించారు. కుక్కల విషయంలోనూ చేసేది ఇదే.

మొదట మీ కుక్కకు ఎంత దూరం కావాలో కనుక్కోండి. ఎదుటి కుక్కను చూస్తుంది, కానీ ట్రీటు తినగలుగుతుంది, పేరు పిలిస్తే ఇటు తిరుగుతుంది. అది సరైన దూరం. ట్రీటు ముట్టకపోయినా, చేతిని కొరికినట్టు గబుక్కున లాక్కున్నా దగ్గరికి వచ్చేశారన్నమాట. వెనక్కి నడవండి. ఒక కుక్కకు 20 అడుగులు చాలవచ్చు, ఇంకోదానికి 200 అడుగులు కావాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

ఆ దూరంలో నిలబడి, కుక్క ఎదుటిదాన్ని చూసిన వెంటనే ట్రీటు ఇవ్వండి. అది కనబడినంతసేపూ ఒకటి తర్వాత ఒకటి ఇస్తూనే ఉండండి. మరుగవగానే ఆపేయండి. వరుస ముఖ్యం: ముందు భయపెట్టేది కనబడాలి, ఆ తర్వాతే తిండి రావాలి. ముందే తిండి చూపిస్తే, కొన్నాళ్లకు మీ చెయ్యి సంచీలోకి వెళ్లడమే దానికి ప్రమాద సూచన అవుతుంది. మొరిగినా సరే, తిండి ఇస్తే మొరగడం నేర్పినట్టవుతుందని బెంగపడకండి. తింటే ఇవ్వండి, ఇస్తూనే దూరం పెంచండి.

రోజుకు 5 నుంచి 10 నిమిషాలు చాలు. కొన్నాళ్లకు ఎదుటి కుక్కను చూడగానే ‘ఏదీ నా ముక్క?’ అన్నట్టు మీ వైపు తిరుగుతుంది. మీరు ఎదురుచూడాల్సిన మలుపు ఇదే. ఇలా పదేపదే జరిగాక ఓ నాలుగడుగులు దగ్గరికి జరగండి. ఇంకా కంగారు పడితే మళ్లీ వెనక్కి. వారంలో కొన్ని రోజులు వెనకబడటం మామూలే.

ఇంటికి వచ్చే మనుషులతోనూ ఇంతే. వచ్చినవాళ్లు కుక్క కళ్లలోకి చూడకుండా, చెయ్యి చాపకుండా కూర్చోవాలి. ట్రీటు దూరంగా విసరాలి, చేత్తో పెట్టి దగ్గరికి రప్పించకూడదు. అది తనంతట తాను రాకపోతే ఆరోజు రానక్కర్లేదు.

6. వీధి మలుపు తిరగగానే మరో కుక్క ఎదురుపడ్డప్పుడు

ఎంత జాగ్రత్తపడినా ఇలా జరుగుతుంది. అందుకే ‘పద పద’ అని హుషారుగా అంటూ గిర్రున వెనక్కి తిరగడం ముందే ఇంట్లో, ఎవరూ లేనప్పుడు ఆటలా నేర్పి ఉంచండి. తిరిగిన ప్రతిసారీ ట్రీటు ఇవ్వండి. బెల్టు బిగించి లాగకండి, బెల్టు బిగుసుకుంటే దాని కంగారు పెరుగుతుంది. వణికిపోతున్న కుక్క మీ ఒళ్లోకి చేరితే దగ్గరికి తీసుకోండి. ఓదారిస్తే భయం అలవాటవుతుందనే మాట నిజం కాదు.

7. ఎప్పుడు సాయం అడగాలి

ఎవరినైనా కరిచినా, ఇంట్లో చిన్నపిల్లలున్నా, రెండు మూడు నెలల ప్రయత్నం తర్వాత ఇంట్లో కూడా స్థిమితంగా పడుకోలేకపోతున్నా, ప్రవర్తన సమస్యలు చూసే వెటర్నరీ డాక్టరును కలవండి. కరిచిన గాయాన్ని సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తీవ్రమైన భయానికి డాక్టర్లు ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు రాస్తారు. ఇవి కుక్కను మత్తులో ఉంచడానికి కాదు, నేర్చుకోగలిగేంత స్థిమితం ఇవ్వడానికి. ఇంట్లో మనుషుల కోసం ఉన్న మాత్రలు మాత్రం ఎప్పుడూ వేయకండి. మందు పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. అందాకా దూరం, ట్రీట్ల పని మానకండి. కుక్క బాగానే ఉందని మీ అంతట మీరు మందు ఆపేయకుండా, తగ్గించడం కూడా డాక్టరు చెప్పినట్టే చేయండి.