వేట రైఫిల్ పాఠాలు – 4: స్కోప్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో .308 (తూటా సైజుని చెప్పే అంకె) రైఫిల్ భుజానికి సరిగ్గా ఆనేలా చూసుకున్నాం. ఈసారి దాని మీద బిగించే స్కోప్, అంటే గురి చూసుకునే దుర్భిణి సంగతి. టెక్సస్‌లో ఉంటూ మొదటిసారి వైట్‌టెయిల్ జింకల సీజన్‌కి సిద్ధమవుతున్న మనవాళ్ల కోసం రాస్తున్న పాఠాలివి కాబట్టి లెక్కలన్నీ అక్కడి నేలకి తగ్గట్టే చెప్తాను. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. అమెరికాలో కూడా హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు హంటింగ్ లైసెన్స్ లేకుండా తుపాకి దగ్గర ఉంచుకోవడం సాధారణంగా ఫెడరల్ చట్టానికి విరుద్ధం. మొదటి పాఠం చదవని వాళ్లు ముందు అది చదివి రండి.

స్కోప్ పెట్టె మీద 3-9x40 అని ఉంటుంది. వస్తువుని 3 నుంచి 9 రెట్ల దాకా దగ్గరగా చూపిస్తుందని, ముందు లెన్స్ వెడల్పు 40 మిల్లీమీటర్లని దానర్థం. కొత్తవాళ్ల చూపు ఎప్పుడూ ఆ 9 మీదే ఉంటుంది. దాన్ని 16 చేద్దామా, 20 చేద్దామా అని అడుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది మొదటి అంకె, ఆ తర్వాత చివరి అంకె. మధ్యలోది ఆఖరున చూసినా నష్టం లేదు.

ఎందుకో షాపులోనే తెలుసుకోవచ్చు. రైఫిల్‌కి బిగించని స్కోప్ ఒకటి అడిగి తీసుకోండి. చేయి చాపి పట్టుకుని, వెలుతురున్న కిటికీ వైపు పెట్టి, వెనక లెన్స్‌ని చూడండి. నల్లటి గాజు మధ్యలో గుండ్రంగా ఒక వెలుగు చుక్క కనిపిస్తుంది. కంటికి చేరే వెలుతురంతా ఆ చుక్కలోంచే వస్తుంది. రెట్లు మార్చే రింగుని 3 దగ్గర పెడితే చుక్క పెద్దగా ఉంటుంది. మెల్లగా 9 వైపు తిప్పుతుంటే మీ కళ్లముందే చిన్నదైపోతుంది. లెక్క చాలా తేలిక: ముందు లెన్స్ వెడల్పుని రెట్లతో భాగించాలి. 40ని 4తో భాగిస్తే 10 మి.మీ., 9తో భాగిస్తే 4.4 మి.మీ. చీకట్లో కుర్రవాడి కనుపాప దాదాపు 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. వెలుగు చుక్క మీ కనుపాప కంటే చిన్నదైతే మసక వెలుతురులో బొమ్మ నల్లబడుతుంది.

టెక్సస్‌లో జింకని కాల్చడానికి చట్టం ఇచ్చిన సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. జింకలు బయటికొచ్చేది ఎక్కువగా ఆ రెండు అరగంటల చుట్టూనే. మిట్టమధ్యాహ్నం ఏ స్కోప్ అయినా బాగానే కనిపిస్తుంది. డబ్బు పెట్టాల్సింది పొద్దు గుంకాక పనికొచ్చే గాజు మీద.

ఇక మొదటి అంకె. నా రెండో సీజన్‌లో మధ్య టెక్సస్‌లోని లానో దగ్గర ఓక్ చెట్ల మధ్య మంచె మీద కూర్చున్నాను. నా దగ్గరున్నది 4-16x50. ముందురోజు షూటింగ్ రేంజ్‌లో 16 దగ్గర పెట్టి, అలాగే వదిలేశాను. సాయంత్రం ఒక ఆడజింక 40 గజాల దూరంలోకి వచ్చింది. స్కోప్‌లో చూస్తే గోధుమరంగు వెంట్రుకలు తప్ప ఇంకేమీ లేదు. భుజమో, పొట్టో, తొడో తెలియలేదు. ఆ దూరంలో 16 రెట్ల దగ్గర కనిపించేది రెండున్నర అడుగుల మేర మాత్రమే. తెలియని చోట కాల్చకూడదు కాబట్టి కాల్చలేదు. రింగు తిప్పబోతే చేయి కదలడం చూసి అది వెళ్లిపోయింది. అప్పటి నుంచి మంచె ఎక్కగానే రింగుని కింది అంకెకి తిప్పి ఉంచుతాను. దూరాన జింక కనబడితే పెంచుకోవడానికి టైం ఉంటుంది, దగ్గర్లో కనబడితే తగ్గించుకోవడానికి ఉండదు.

లానో లాంటి చోట్ల గురి ఎక్కువగా 100 గజాలకి అటూ ఇటూ. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. దానికి 3-9x40 గానీ, 2-10x42 గానీ బోలెడు. దక్షిణ టెక్సస్‌లో పొడవాటి దారుల వెంబడి 250 గజాల దాకా చూడాల్సి వస్తే అప్పుడు 12 రెట్ల స్కోప్ గురించి ఆలోచించండి.

ఐ రిలీఫ్ మాత్రం కచ్చితంగా చూసుకోండి. వెనక లెన్స్‌కీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరం అది. .308కి మూడున్నర అంగుళాలకు తగ్గకూడదు. తగ్గితే తుపాకి వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు కనుబొమని కోస్తుంది. షాపులో రైఫిల్ ఖాళీగా ఉందని మీరే చూసుకుని, తుపాకి గొట్టం మనుషులు లేని వైపు పెట్టి, కళ్లు మూసుకుని భుజానికి ఆనించండి. చెంప ఆన్చాక కళ్లు తెరవండి. మెడ కదపకుండానే నిండు గుండ్రంగా కనబడాలి. అంచున నల్లటి నీడ వస్తే ఆ స్కోప్ ఎత్తో, దూరమో మీకు సరిపోలేదు. కింది అంకె దగ్గరా పై అంకె దగ్గరా రెండుసార్లు చేయండి. చలికాలం వేసుకునే మందపాటి జాకెట్ వేసుకునే వెళ్లండి, దానివల్ల దూరం మారిపోతుంది.

మిగతావి చిన్నవి. స్కోప్ గొట్టం ఒక అంగుళమైనా, 30 మిల్లీమీటర్లదైనా వెలుతురులో తేడా రాదు. గురి గీతలు మామూలు డూప్లెక్స్ (అంచుల్లో లావుగా, మధ్యలో సన్నగా ఉండేవి) చాలు, మసక వెలుతురులో అన్నీ సన్నగీతలే అయితే కనబడవు. గురి సరిచేసే నాబ్ ఒక్కో క్లిక్‌కి 100 గజాల దగ్గర పావు అంగుళం జరిగేది సరిపోతుంది. లోపల నైట్రోజనో ఆర్గానో నింపి, తేమ పట్టకుండా సీల్ చేసి ఉండాలి. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే రింగుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, అవి వదులైతే ఎంత ఖరీదైన స్కోప్ అయినా గురి నిలపలేదు.

బడ్జెట్‌లో బైనాక్యులర్స్‌కి తప్పకుండా కొంత పక్కన పెట్టండి. అల్లంత దూరాన కదిలింది జింకో, ఆవు దూడో, మనిషో తెలుసుకోవడానికి స్కోప్ ఎత్తకూడదు. స్కోప్‌లో చూడటమంటే దానివైపు తుపాకి గురిపెట్టడమే.

వచ్చే పాఠంలోగా రెండు పనులు చేయండి. ఎవరిదగ్గరైనా 8x42, 10x25 బైనాక్యులర్స్ తీసుకుని, పొద్దు గుంకిన ఇరవై నిమిషాలకి ఒకే చెట్టుని రెండింటితోనూ చూసి తేడా రాసుకోండి. తర్వాత మీరు కూర్చోబోయే మంచె నుంచి ఎంత దూరం దాకా చూపు ఆనుతుందో గజాల్లో కొలిచి పెట్టుకోండి. ఆ అంకె పట్టుకుని రింగులు బిగించి, 100 గజాల దగ్గర గురి సరిచూసుకుందాం.