ఒకేలా కనిపించే రెండు విషయాలను పోలుస్తూ పేరా రాయడం ఎలా?

బాగా దగ్గరగా ఉండే రెండు విషయాలను పోల్చి రాయమన్నప్పుడు చాలామంది మొదటి సగంలో ఒకదాన్ని వర్ణించి, రెండవ సగంలో మరొకదాన్ని వర్ణించి ఆపేస్తారు. అలా రాసినదానిలో వివరాలన్నీ నిజమే కావచ్చు గానీ పోల్చే పని పాఠకుడి మీద పడుతుంది. ఆ పని రచయితే పేరాలోపల పూర్తి చేయాలంటే ఏం చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణగా చిరుతపులిని, చీతాను తీసుకుంటున్నాను. మన వాడుకలో చాలాసార్లు రెండింటినీ చిరుత అనే పిలుస్తాం కాబట్టి ఈ జంట మన పనికి బాగా సరిపోతుంది.

మొదటి అడుగు: ఏ ప్రశ్నకు జవాబుగా పోలుస్తున్నారో తేల్చుకోండి

ఉపమాలంకారంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగు అంగాలు ఉంటాయని బడిలో చదువుకున్నాం. వాటిలో సమానధర్మం, అంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం, లేకపోతే పోలిక దేనిమీద నిలిచిందో తెలియదు. వచనంలో రాసే పేరాకు కూడా అలాంటి ఆధారం ఒకటి కావాలి. అయితే కవి వేర్వేరుగా ఉన్నవాటి మధ్య సామ్యం చూపిస్తాడు. మనం ఇక్కడ ఒకేలా ఉన్నవాటి మధ్య భేదం చూపించాలి. పోలికలు పాఠకుడికి ముందే కనిపిస్తూ ఉంటాయి కాబట్టి వాటికి ఒకటి రెండు వాక్యాలు చాలు. మిగతా చోటంతా భేదానికే ఇవ్వాలి.

‘చిరుతపులికీ చీతాకూ తేడాలేమిటి?’ అనేది మరీ వెడల్పైన ప్రశ్న. దానికి జవాబు రాస్తే జాబితా తయారవుతుంది. ‘ఈ రెండూ వేటాడే తీరులో ఎలా భిన్నమైనవి?’ అని ప్రశ్నించుకుంటే ఏ వివరం ఉంచాలో, ఏది వదలాలో ఆ ప్రశ్నే చెబుతుంది. చీతా కళ్ల నుంచి నోటి వరకు దిగే నల్లని చారలు ఎంత ఆసక్తికరమైనవైనా, వేట గురించిన పేరాలో వాటికి చోటు వెతకనవసరం లేదు. గుర్తుపట్టే పద్ధతి గురించి రాస్తుంటే మాత్రం ఆ చారలే మొదటి వాక్యంలోకి రావాలి.

రెండవ అడుగు: మూడు నిలువు గడులు గీయండి

ఎడమ గడిలో అంశం, పక్కన రెండు గడుల్లో రెండు విషయాల వివరాలు రాసుకోండి. మధ్య గడిలో ఉన్నదానికి కుడి గడిలో జత దొరకకపోతే ఆ వివరం వెతికి రాయాలి, లేదా ఆ వరుసనే కొట్టేయాలి. ‘శుక్రుడి ఉపరితల ఉష్ణోగ్రత దాదాపు 465 డిగ్రీల సెల్సియస్, భూమి మీద మహాసముద్రాలు ఉన్నాయి’ అనే వాక్యం ఇలా జత కుదరని వరుస నుంచే పుడుతుంది. ఒకవైపు ఉష్ణోగ్రత చెబితే రెండవవైపూ ఉష్ణోగ్రతే చెప్పాలి: భూమి సగటు ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీలు. కొలమానం కూడా ఒకటే ఉండాలి. ఒక గ్రహానికి వ్యాసం, మరొకదానికి చుట్టుకొలత ఇస్తే పాఠకుడు లెక్కలు వేసుకోవాల్సి వస్తుంది.

మూడవ అడుగు: అమరిక ఎంచుకోండి

రెండు దారులు ఉన్నాయి. ఒక విషయాన్ని పూర్తిగా చెప్పి రెండవదానికి వెళ్లడం ఒకటి. ఒక్కో అంశం తీసుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టడం మరొకటి. మొదటి పద్ధతి అంశాలు ఒకటి రెండే ఉన్నప్పుడు బాగుంటుంది. అంశాలు మూడు దాటితే, పేరా చివరికి వచ్చేసరికి మొదట చదివినది పాఠకుడికి గుర్తుండదు. అందుకే దగ్గరి విషయాలకు నేను రెండవ పద్ధతినే సూచిస్తాను. ఇక ఒక విషయం పాఠకుడికి ముందే బాగా తెలిసినదైతే, దానికి సమాన భాగం ఇవ్వనక్కరలేదు. భూమినీ శుక్రుణ్ణీ పోల్చేటప్పుడు శుక్రుడి గురించే రాస్తూ, అవసరమైన చోట మాత్రమే భూమిని కొలబద్దగా ముందుకు తేవచ్చు.

ఏ అమరిక ఎంచుకున్నా పేర్ల వరుస మార్చకండి. మొదటి వాక్యంలో చిరుతపులి ముందు వస్తే చివరిదాకా అదే ముందు రావాలి.

నాలుగవ అడుగు: పేరా రాయండి

మొదటి వాక్యంలో పోలిక, రెండవ వాక్యంలో భేదానికి ఆధారం, ఆ తరువాత అంశాలు. అంశాలను ఊరికే పక్కపక్కన పేర్చకుండా ఒకదాని నుంచి మరొకటి పుట్టేలా రాయాలి. ఈ పేరా చూడండి:

‘చిరుతపులి, చీతా రెండూ పిల్లి కుటుంబానికి చెందినవే, రెండింటి ఒంటి మీదా నల్లని మచ్చలు ఉండడం వల్ల ఒకదాన్ని చూసి మరొకటిగా పొరబడుతుంటారు. అయితే వేటాడే తీరులో వాటి దారులు వేరు. చిరుతపులి పొంచి ఉండి, వీలైనంత దగ్గరకు చేరి ఒక్కసారిగా మీద పడుతుంది. చీతా ఆరుబయట వెంటాడి, వేగంతో పట్టుకుంటుంది. గోళ్లు కూడా ఆ పనికి తగినట్టే ఉంటాయి. చిరుతపులి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవడం వల్ల అరిగిపోకుండా పదునుగా ఉండి, వేటను పట్టడానికీ చెట్టు ఎక్కడానికీ పనికివస్తాయి. చీతా గోళ్లు పూర్తిగా ముడుచుకోకుండా బయటికే ఉండి, పరుగులో నేలను పట్టి కాలు జారకుండా చూస్తాయి. వేట చిక్కాక కూడా ఈ తేడా పోదు. కండబలం ఉన్న చిరుతపులి తన ఆహారాన్ని చెట్టు మీదకు లాక్కుపోయి దాచుకోగలదు. వేగం కోసం తేలికగా తయారైన చీతా, బలమైన జంతువు ఏదైనా వచ్చి లాక్కోకముందే గబగబా తినాల్సి ఉంటుంది.’

గోళ్లు, చెట్టు, ఆహారం దాచుకోవడం అనే మూడూ వేటాడే తీరు అనే ఒకే దారానికి గుచ్చినవి. ‘ఆ పనికి తగినట్టే’, ‘వేట చిక్కాక కూడా’ అనే మాటలే ఆ ముడులు. వాటిని తీసేస్తే వాక్యాలన్నీ అలాగే ఉంటాయి గానీ పేరా విడిపోతుంది.

ఐదవ అడుగు: భాషను సరిచూసుకోండి

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ‘చీతా వేగం చిరుతపులి కంటే ఎక్కువ’ అని రాస్తే వేగాన్ని జంతువుతో పోల్చినట్టవుతుంది. మాట్లాడేటప్పుడు ఇది చెల్లుతుంది; రాసేటప్పుడు ‘చీతా వేగం చిరుతపులి వేగం కంటే ఎక్కువ’ అనో, ఇంకా సులువుగా ‘చీతా చిరుతపులి కంటే వేగంగా పరుగెత్తుతుంది’ అనో రాయాలి.

రెండవ చిక్కు సర్వనామాలతో వస్తుంది. పోల్చే విషయాలు రెండూ ‘అది’ అనదగినవే అయినప్పుడు, ‘దాని గోళ్లు’ అంటే ఎవరి గోళ్లో తెలియదు. పేరు మళ్లీ రాస్తే పునరుక్తి అవుతుందని భయపడకండి. పోల్చే పేరాలో పేరు తిరిగి రావడం దోషం కాదు. ‘మొదటిది, రెండవది’ అనడం, ‘వరుసగా’ అని చెప్పి రెండు అంకెలు ఒకేచోట ఇవ్వడం పాఠకుణ్ణి వెనక్కి తిప్పి చదివిస్తాయి కాబట్టి వీలైనంత తగ్గించండి.

భేదం చూపడానికి అయితే, కాగా, మాత్రం, ఇందుకు భిన్నంగా వంటి మాటలు, పోలిక చూపడానికి అలాగే, అదేవిధంగా, రెండూ, రెండింటికీ వంటి మాటలు మనకు ఉన్నాయి. వీటిలో ‘మాత్రం’ చేతికి సులువుగా దొరుకుతుంది కాబట్టి ప్రతి వాక్యంలోనూ చొరబడుతుంది. పేరాలో ఒకసారి ఉంటే అది భేదాన్ని నొక్కి చెబుతుంది. నాలుగుసార్లు ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. పై పేరాలో నేను ఒక్కసారి కూడా వాడలేదు. ‘అయితే’ అనే ఒక్క మాట, పక్కపక్కన పెట్టిన వాక్యాలే ఆ పని చేశాయి.

చివరగా ఒక పరీక్ష. పేరాలో ఉన్న రెండు పేర్లనూ తారుమారు చేసి ఒక్కో వాక్యం చదవండి. ‘చిరుతపులి ఎంతో చురుకైనది, చీతా కూడా తక్కువది కాదు’ అనే వాక్యం పేర్లు మార్చినా అలాగే నిలబడుతుంది కాబట్టి దాన్ని కొట్టేయవచ్చు. రెండింటికీ ఉన్న పోలికను చెప్పే మొదటి వాక్యం ఎలాగూ మారదు, దాన్ని ఉంచండి. గోళ్ల వాక్యంలో పేర్లు మారిస్తే వెంటనే అబద్ధం అవుతుంది. అలాంటి వాక్యాలు పేరాలో కనీసం మూడైనా తేలేవరకు రెండవ అడుగులో గీసిన గడుల దగ్గరికి తిరిగి వెళ్లండి.